పడవలోకి నీళ్ళు ఎక్కడివి?

పడవ అన్నాక అడుగున కొంచెం తడి ఉంటుంది. వల లాగితే నీళ్ళు కారతాయి. తెడ్డు నుంచి చుక్కలు పడతాయి. అల కొడితే నాలుగు చుక్కలు లోపలికి చిందుతాయి. ఇది మామూలే. ఈ మామూలు తడి చాటునే చిల్లు దాక్కుంటుంది. "ఏముందిలే, తోడి పోస్తే పోతుంది" అనుకుంటాం. తోడి పోస్తూనే ఉంటాం. ఒక రోజు తోడే చెయ్యి కంటే వచ్చే నీరు ఎక్కువవుతుంది.

జలాశయాల్లో, చెరువుల్లో చిన్న పడవ మీద చాలామంది ఆలుమగలు కలిసే వేటకు పోతారు. మగవాడు వల విడుస్తుంటే తెడ్డు ఆడమనిషి చేతిలో ఉంటుంది. నీళ్ళు తోడేదీ ఆమే. అడుగున నీరు పెరిగితే ముందు ఆమె పాదాలకే తెలుస్తుంది. అందుకని చిల్లు సంగతి ఆడవాళ్ళకు బాగా తెలిసి ఉండాలి. బాగుచేయడం మగవాళ్ళ పని, మనకెందుకు అనుకోవద్దు. మునిగితే ఇద్దరూ మునుగుతారు.

చిన్న చిల్లు ఎంత నీరు తెస్తుంది?

ఒక లెక్క చూద్దాం. పడవ అడుగున చిటికెన వేలు పట్టేంత చిల్లు ఉంది. అంటే 1 సెంటీమీటరు వెడల్పు. అది నీటిమట్టానికి 30 సెంటీమీటర్ల కింద ఉంది. అంటే సుమారు జానెడున్నర లోతు. ఆ చిల్లులోంచి నిమిషానికి 6 లీటర్లకు పైగా నీరు వస్తుంది. గంటకు సుమారు 400 లీటర్లు. లీటరు నీరు ఒక కిలో బరువు. అంటే గంటలో 400 కిలోల బరువు పడవలోకి ఎక్కింది. ఏడుగురు మనుషులు కొత్తగా ఎక్కి కూర్చున్నట్టే.

చిల్లు రెండింతలు వెడల్పయితే నీరు రెండింతలు రాదు. నాలుగింతలు వస్తుంది. రూపాయి బిళ్ళంత చిల్లయితే నిమిషానికి 25 లీటర్ల పైమాటే. రెండు చేతులతో తోడినా చాలా సేపు తట్టుకోలేం.

బరువు ఒక్కటే కాదు. ఇంకో ప్రమాదం ఉంది. వెడల్పు పళ్ళెంలో సగానికి నీళ్ళు పోసి, చేత్తో పట్టుకుని నాలుగడుగులు నడిచి చూడండి. పళ్ళెం కాస్త ఒరిగితే నీళ్ళన్నీ ఆ పక్కకే పరుగెత్తుతాయి. పళ్ళెం ఇంకా ఒరుగుతుంది. పడవలో నీళ్ళూ అంతే. వల లాగడానికి ఒక పక్కకు వంగుతాం. నీళ్ళన్నీ ఆ పక్కకే వస్తాయి. పడవ బోల్తా పడుతుంది. నిండా మునగకముందే తిరగబడే పడవలు ఇలాంటివే.

డబ్బాల లెక్క

నీళ్ళు తోడడానికి చాలామంది 5 లీటర్ల నూనె డబ్బాను ఏటవాలుగా కోసి వాడతారు. ఆ డబ్బాతోనే చిల్లును పట్టుకోవచ్చు. ఒక ఇంట్లో ఇలా జరిగిందనుకుందాం. కోడలు కొత్తగా చదువు నేర్చుకుంది. పిల్లవాడి నోటుబుక్కు వెనక పేజీలో రోజూ ఒక అంకె రాస్తోంది.

"ఏటే, అందులో ఏటి రాత్తన్నావు?" అని అత్త అడిగింది.

"డబ్బాల లెక్క అత్తా. సోమారం ఆరు డబ్బాలు తోడాను. మంగళారం తొమ్మిది. ఇయ్యాల పదిహేను."

"తోడిన నీళ్ళకి కూడా లెక్కేటే?"

"లెక్కెట్టకపోతే ఎలాగ తెలుస్తాది? మీ అబ్బాయి వాన నీళ్ళే అంటన్నాడు. మూడు రోజుల్నించీ చినుకే లేదు కదా."

అత్త కాసేపు ఊరుకుంది. తరువాత, "అయితే రేపు పడవ దించొద్దని వాడితో సెప్పు. నేను సెప్పానని సెప్పు" అంది.

మూడు అంకెలు చేసిన పని అది. "ఈ మధ్య నీళ్ళు ఎక్కువొస్తున్నాయి" అంటే ఎవరూ వినరు. "ఆరు, తొమ్మిది, పదిహేను" అంటే వింటారు. ఒక్క జాగ్రత్త. రోజూ ఒకే డబ్బాతో తోడాలి. వేటకు పోయిన గంటలు కూడా పక్కన రాసుకోవాలి. నాలుగు గంటలకు ఆరు డబ్బాలు, ఎనిమిది గంటలకు పన్నెండు డబ్బాలు అయితే కారడం పెరిగినట్టు కాదు.

చిల్లు ఎక్కడుందో వెతకడం

చాలామంది ఇక్కడే తొందర పడతారు. ఏదో పగులు కనిపిస్తుంది. దాని మీద ఏదో పూస్తారు. మరునాడు మళ్ళీ నీళ్ళే. పగులు వేరు, కారే చోటు వేరు కావచ్చు. పైగా నీరు కారిన చోట నిలవదు. వాలు ఎటుంటే అటు పోతుంది. వెనక నీళ్ళు నిలిస్తే చిల్లు ముందు కూడా ఉండొచ్చు.

మొదట నీళ్ళన్నీ తోడి, లోపల గుడ్డతో పొడిగా తుడవండి. వల, చేపల బుట్ట అన్నీ తీసేయండి. ఖాళీ పడవను ఒడ్డు పక్కన మోకాలి లోతు నీళ్ళలో కట్టండి. వాన పడకుండా పైన పట్టా కప్పండి. రెండు గంటల తరువాత చూడండి. తడి వచ్చిందంటే చిల్లు నీటిమట్టానికి కిందే ఉంది. రాలేదంటే పడవ మంచిదని కాదు. ఖాళీ పడవ తేలికగా ఉంటుంది, పైకి తేలుతుంది. కాబట్టి ఇద్దరు మనుషులు ఎక్కి కూర్చోండి. లేకపోతే ఇసుక బస్తాలు పెట్టండి. వేటలో ఉండే బరువంత పెట్టాలి. అప్పుడు తడి వస్తే చిల్లు కొంచెం పైన ఉంది. బరువు పడితేనే నోరు తెరిచే పగులు కూడా ఇలాగే దొరుకుతుంది. అప్పుడూ రాకపోతే నీళ్ళు పైనుంచే వస్తున్నాయి. అంచు దగ్గర, తెడ్డు కట్టే చోట చూడాలి.

నీళ్ళలో చూశాక ఒడ్డుకు లాగండి. ఈసారి లోపల నీళ్ళు పోసి బయట చూడాలి. అడుగున నాలుగు వేళ్ళ లోతుకు మించి పోయకూడదు. పడవ బయటి నీటి ఒత్తిడికి తట్టుకునేలా చేసింది. లోపల నిండా పోసి నేల మీద నిలబెడితే ఆ బరువుకే అడుగు విరుగుతుంది. బయట వైపు పొడిగా తుడిచి, చుట్టూ తిరిగి, వంగి చూడండి. ఎక్కడ చెమ్మ పుడుతుందో అక్కడ బొగ్గుతో గుర్తు పెట్టండి.

కొందరు చిల్లు తెలియడానికి కిరసనాయిలు పోస్తారు. అది వద్దు. నూనె పీల్చిన చోట తరువాత మందు అతకదు. బాగుచేసే పని రెండింతలవుతుంది.

పగులు కంటే ముందు అనుమానించాల్సిన చోట్లు కొన్ని ఉన్నాయి. నీళ్ళు వదిలే రంధ్రానికి పెట్టిన బిరడా మొదటిది. బిరడా రబ్బరు ఎండి గట్టిపడితే పక్కనుంచి కారుతుంది. కొత్త రబ్బరు వేస్తే అయిపోతుంది. తరువాత బోల్టులు. ఇంజను బిగించిన పడవకు వెనక బోల్టులు ఉంటాయి. ఇంజను అదురుకు అవి వదులవుతాయి. బోల్టు తీసి, రబ్బరు వాషరు వేసి, మళ్ళీ బిగించాలి. ఇవి రెండూ చూడకుండా అడుగంతా గోకిన ఇళ్ళు చాలా ఉన్నాయి.

ఫైబర్ అంటే ఏమిటి?

ఉత్తరాంధ్ర తీరంలో వెనకటికి దుంగల తెప్పలు ఉండేవి. తేలిక కర్ర దుంగల్ని తాళ్ళతో కట్టేవారు. నీళ్ళు సందుల్లోంచి వచ్చేవి, సందుల్లోంచే పోయేవి. ఆ తెప్పకు చిల్లు అనే మాటే లేదు. కుట్టు పడవలు కూడా ఉండేవి. చెక్క పలకల్ని కొబ్బరి తాడుతో కుట్టేవారు. అలల దెబ్బకు పలకలు కాస్త సాగేవి, విరిగేవి కావు. తీరంలోకి ఫైబర్ పడవలు వచ్చాక ఇవి తగ్గిపోయాయి. ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ 1979లో మద్రాసు కేంద్రంగా బంగాళాఖాత కార్యక్రమం మొదలుపెట్టింది. ఇసుక తీరంలో దిగే ఫైబర్ పడవల్ని 1980లలో ఆ కార్యక్రమం వాళ్ళు మన తీరంలో నడిపి చూశారు. 2004 డిసెంబరు 26 సునామీలో పాత పడవలు పోయినవాళ్ళలో చాలామందికి కొత్తగా ఫైబర్ పడవలే వచ్చాయి. ఇప్పుడు చెరువుల్లో, జలాశయాల్లో తిరిగే చిన్న పడవలు, పుట్టీలు కూడా ఫైబర్‌వి వస్తున్నాయి.

ఫైబర్ అంటే గాజు నార. సన్నటి గాజు పోగుల్ని చాపలాగా పరుస్తారు. దాన్ని మ్యాట్ అంటారు. దాని మీద రెసిన్ అనే చిక్కటి మందు పూస్తారు. చీరకు గంజి పెడితే బిర్రుగా నిలుస్తుంది చూడండి, అలాంటిదే. గంజి నీళ్ళలో కరుగుతుంది. రెసిన్ ఒకసారి గట్టిపడితే కరగదు. బలం గాజు నారది. నీళ్ళు రానివ్వకుండా ఆపేది రెసిన్. పై మెరుపు వేరే పొర. దాన్ని జెల్ కోట్ అంటారు.

ఏ పగులుకు భయపడాలి?

పై మెరుపు పొర మీద సాలెగూడులాగా సన్నటి గీతలు వస్తాయి. ఎండకు, చిన్న దెబ్బలకు ఇవి వస్తాయి. గీత పై పొరలోనే ఉంటే నీళ్ళు లోపలికి రావు. అయితే వదిలేయకూడదు. వచ్చే సీజనుకు అదే లోతవుతుంది.

లోతు పగులును ఇలా పోల్చుకోవచ్చు. పగులుకు రెండు పక్కలా అరచేతులు పెట్టి గట్టిగా నొక్కండి. పగులు నోరు తెరిస్తే లోతుగా ఉంది. రూపాయి బిళ్ళతో చుట్టూ కొట్టి చూడండి. మంచి చోట టంగుమని గట్టిగా మోగుతుంది. పొరలు విడిపోయిన చోట డొల్లగా, బొద్దుగా వినిపిస్తుంది. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూసే చెవి అందరికీ ఉంది. ఆ చెవే చాలు. డొల్ల మోత ఎంత దూరం పోయిందో అంత దూరం బొగ్గుతో గీత గీయండి. పగులు జానెడే కనిపించినా డొల్ల మూరెడు ఉండొచ్చు. బాగుచేయాల్సింది ఆ మూరెడు.

అడుగున మధ్యలో పొడుగునా వెన్నులాగా ఉండే చోట, ముక్కు దగ్గర, పక్క గోడ అడుగును కలిసే మూల దగ్గర వచ్చిన పగులు ప్రమాదం. ఇంజను బిగించే వెనక పలక దగ్గర పగిలినా అంతే. ఇలాంటి వాటిని ఇంట్లో బాగుచేసుకోవద్దు. పని తెలిసిన మేస్త్రీకి చూపించండి. ఖర్చవుతుంది. కానీ అక్కడ విరిగితే పడవ రెండు ముక్కలవుతుంది.

పగుళ్ళు ఎందుకు వస్తాయి? చాలాసార్లు ఒడ్డునే వస్తాయి. రాళ్ళ మీద ఈడ్చడం, రెండు రాళ్ళ మీద ఎత్తిపెట్టి మధ్యలో ఆధారం లేకుండా వదిలేయడం. జలాశయాల్లో ఇంకో కారణం ఉంది. శ్రీశైలం జలాశయంలో నీళ్ళు తగ్గితే సంగమేశ్వరం గుడి బయటపడుతుంది. గుడి ఒక్కటే కాదు. మునిగిన ఊళ్ళ గోడలు, చెట్ల మోళ్ళు కూడా పైకొస్తాయి. పూర్తిగా పైకొచ్చినవి కనిపిస్తాయి. నీటికి జానెడు కింద ఉన్నవే పడవను చీలుస్తాయి. ఎండాకాలం వేట చేసేవాళ్ళ పడవలకు పగుళ్ళు ఎక్కువగా ఉండేది అందుకే.

నడి నీళ్ళలో చిల్లు పడితే

వల సంగతి మరిచిపోవాలి. ముందు అందరూ చిల్లుకు ఎదురు పక్కకు జరగాలి. లేచి నిలబడకుండా, కూర్చునే జరగాలి. పడవ ఆ పక్కకు కొంచెం వంగి, చిల్లు పైకి లేస్తుంది. నీటిమట్టానికి పైకి వస్తే కారడం ఆగిపోతుంది. పూర్తిగా రాకపోయినా తగ్గుతుంది. ఎంత లోతు తగ్గితే అంత తక్కువ నీరు.

తరువాత మూయాలి. లోపలినుంచి గుడ్డ కుక్కితే బయటి నీరు దాన్ని లోపలికి తోసేస్తుంది. కాలితోనో, మోకాలితోనో అదిమి పట్టాలి. వీలైతే బయటి వైపు నుంచి మూయడం మంచిది. పట్టా ముక్కో, మందపాటి ప్లాస్టిక్ సంచో చిల్లు మీదికి జార్చి తాళ్ళతో పడవ చుట్టూ కట్టాలి. బయటి నీరే దాన్ని పడవకు అదిమి పెడుతుంది.

ఒకరు మూస్తే ఒకరు తోడాలి. ఒడ్డు ఎటు దగ్గరయితే అటే తిప్పాలి, మన ఊరి రేవుకే పోవాలని లేదు. పడవ మునిగినా దాన్ని వదలొద్దు. తేలే వస్తువు పట్టుకోవాలి. మూత గట్టిగా బిగించిన 20 లీటర్ల ఖాళీ క్యాను ఇద్దరు మనుషుల తలలు నీటిపైన ఉంచుతుంది. అలాంటివి రెండు క్యానులు పడవకు ఎప్పుడూ కట్టి ఉంచండి. ఒంటి మీద తేలే జాకెట్టు ఉంటే ఇంకా మంచిది. అది పడవలో మూల పడేసి ఉంటే లాభం లేదు. ఒంటి మీద ఉండాలి. సముద్రంలో ఆపద వస్తే కోస్టు గార్డు వాళ్ళ నంబరు 1554. ఎక్కడయినా 112. ఈ రెండు నంబర్లు పడవ లోపలి గోడ మీద రంగుతో రాయించండి. మీరే రాయండి.

అప్పటికప్పుడు ఒడ్డున వేసే మాటు

సిమెంటు కొట్లలో ఎం-సీల్ దొరుకుతుంది. అందులో రెండు ముద్దలు ఉంటాయి. రెండూ సమానంగా తీసుకుని, ఒకే రంగు వచ్చేదాకా పిసకాలి. పొడిగా తుడిచి, గరుకు కాగితంతో రుద్దిన చోట నొక్కి పెట్టాలి. చిన్న చిల్లుకు, బోల్టు చుట్టూ సందుకు ఇది పనికొస్తుంది. పొడుగు పగులుకు పనికిరాదు. పడవ ఊగినప్పుడల్లా పగులు కదులుతుంది. ముద్ద కదలదు. ఊడిపోతుంది. ఇంటికి చేరడానికి వేసిన మాటుతో నెలంతా వేట చేయడం చాలాచోట్ల కనిపించే పొరపాటు.

తారు రాస్తే చాలనుకుంటారు కొందరు. ఫైబర్ పగులుకు తారు బలం ఇవ్వదు. పైగా తరువాత రెసిన్ అతకదు. తారంతా గీకాల్సి వస్తుంది.

గట్టి మాటు వేయడం

చిన్నపాటి పగుళ్ళకు ఇంట్లోనే గట్టి మాటు వేసుకోవచ్చు. మొదటిసారి పని తెలిసినవాళ్ళ పక్కన ఉండి చేయండి.

పడవను మంచినీళ్ళతో కడగాలి. ఉప్పు పోవాలి. తరువాత రెండు మూడు రోజులు ఎండబెట్టాలి. పగులు లోపల గాజు నార తడి పీల్చుకుని ఉంటుంది. పైన పొడిగా కనిపించినా లోపల తడి ఉంటే మాటు నిలవదు. వానాకాలంలో వేసిన మాట్లు ఊడిపోవడానికి పెద్ద కారణం ఇదే.

పగిలి, మెత్తబడిన ముక్కలన్నీ తీసేయాలి. తరువాత చుట్టూ వాలుగా గీకాలి. ఇది ముఖ్యం. పడవ గోడ 5 మిల్లీమీటర్ల మందం ఉంటే పగులుకు ప్రతి పక్కా 6 సెంటీమీటర్ల దూరం దాకా వాలు ఉండాలి. అంటే నాలుగు వేళ్ళ వెడల్పు కంటే కొంచెం తక్కువ. ఎందుకంత? బొంతకు అతుకు వేసేటప్పుడు చిరుగు కంటే పెద్ద గుడ్డ తీసుకుంటాం. చిరుగంతే తీసుకుంటే కుట్టు పడదు. ఇక్కడా అంతే.

గీకేటప్పుడు గాజు పొడి లేస్తుంది. ముక్కుకు మాస్కు, కళ్ళకు అద్దాలు పెట్టుకోవాలి. చేతులు నిండా కప్పుకోవాలి. జుట్టు ముడి వేసుకోవాలి. గ్రైండరు మిషను వాడితే కొంగు నడుముకు దోపుకోవాలి. పొడి ఒంటికి అంటితే దురద. రుద్దితే గాజు లోపలికి పోతుంది. చన్నీళ్ళతో కడగాలి. ఆ బట్టల్ని పిల్లల బట్టలతో కలిపి ఉతకొద్దు.

గీకిన చోట పొడి తుడిచి, అసిటోన్ తడిపిన గుడ్డతో ఒకసారి తుడవాలి. ఆరాక మళ్ళీ చేత్తో ముట్టుకోవద్దు. చేతి జిడ్డు కూడా చెరుపే.

పగులు ఆరపార ఉంటే ఒక పక్క అట్ట ముక్క అడ్డం పెట్టాలి. అట్టకు ప్లాస్టిక్ కాగితం చుట్టాలి. రెసిన్ ఆ ప్లాస్టిక్‌కు అంటుకోదు, తరువాత సులువుగా ఊడొస్తుంది. ఇదే కారణం వల్ల ప్లాస్టిక్ డ్రమ్ములతో చేసిన పడవలకు, అచ్చు పోసిన ప్లాస్టిక్ పడవలకు రెసిన్ మాటు పనికిరాదు. వాటిని వేడితో కరిగించి అతికే మేస్త్రీ దగ్గరకు తీసుకుపోవాలి. ఇంకొకటి. పడవ తేలడానికి లోపల థర్మకోల్ పెట్టి ఉంటే దాని మీద రెసిన్ పడనివ్వకండి. థర్మకోల్ కరిగి గుంట పడుతుంది.

కొట్టులో ఏమడగాలి?

మ్యాట్ గ్రాముల లెక్కన దొరుకుతుంది. 450 గ్రాముల మ్యాట్ అంటే చదరపు మీటరు ముక్క 450 గ్రాములు తూగుతుంది. రెసిన్ పట్టించాక ఒక పొర సుమారు 1 మిల్లీమీటరు మందం వస్తుంది. గోడ 5 మిల్లీమీటర్లుంటే 5 పొరలు కావాలి.

అతుకు 30 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు అనుకుందాం. ఒక పొరకు 40 గ్రాముల మ్యాట్. 5 పొరలకు 200 గ్రాములు. మ్యాట్ బరువుకు రెండింతల నుంచి రెండున్నర ఇంతల రెసిన్ పడుతుంది. అంటే 400 నుంచి 500 గ్రాములు. ఈ లెక్క కాగితం మీద రాసుకుని కొట్టుకు పోతే ఐదు కిలోల డబ్బా అంటగట్టరు.

రెసిన్ తనంతట గట్టిపడదు. హార్డనర్ కలపాలి. పాలకు తోడు వేసినట్టే ఇది. కిలో రెసిన్‌కు 10 నుంచి 20 మిల్లీలీటర్లు చాలు. పావు కిలోకు రెండున్నర నుంచి 5 మిల్లీలీటర్లు. దగ్గు మందు మూతకు గీతలుంటాయి, దాంతో కొలవచ్చు. ఆ మూతను మళ్ళీ మందుకు వాడకూడదు. పడేయాలి. ఎండాకాలం తక్కువ, చలికాలం కాస్త ఎక్కువ. తోడు ఎక్కువయితే పెరుగు పులుస్తుంది. హార్డనర్ ఎక్కువయితే రెసిన్ కాగిపోయి, పొగలు వచ్చి, పగులుతుంది. తక్కువయితే రోజులు గడిచినా బంకగానే ఉంటుంది.

చాలా రకాల రెసిన్‌లో కోబాల్ట్ అనే ఊదా రంగు మందు కూడా ఉండాలి. కొనేటప్పుడే "ఇందులో కోబాల్ట్ కలిపారా?" అని అడగండి. కలపకపోతే కొట్టువాడినే కలిపి ఇమ్మనండి. కోబాల్ట్, హార్డనర్ ఒకదానితో ఒకటి నేరుగా కలిస్తే మంట లేస్తుంది, పేలుతుంది. ఒకే గిన్నెలో, ఒకే మూతతో రెండూ కొలవకూడదు. రెండు సీసాలూ ఒకే సంచిలో పెట్టి తేవద్దు. ఎప్పుడైనా కోబాల్ట్ ముందు రెసిన్‌లో బాగా కలిసిపోవాలి. ఆ తరువాతే హార్డనర్.

హార్డనర్ కంట్లో పడితే చూపు పోవచ్చు. వెంటనే కనీసం 15 నిమిషాలు మంచినీళ్ళతో కడుగుతూనే ఉండాలి. తరువాత ఆసుపత్రికి. కలిపే చోట బిందెడు మంచినీళ్ళు ముందే పెట్టుకోండి.

ఈ పని ఆరుబయటే చేయాలి. పొయ్యి, బీడీ దగ్గర ఉండకూడదు. రెసిన్ వాసన తలకు ఎక్కుతుంది. కడుపుతో ఉన్నవాళ్ళు, పిల్లలు ఆ చుట్టుపక్కల ఉండొద్దు.

పొరలు వేయడం

ఒకేసారి అంతా కలపొద్దు. పావు కిలో చొప్పున కలపండి. వేడిని బట్టి పదిహేను ఇరవై నిమిషాల్లో అది గడ్డకడుతుంది. మొదట గీకిన చోట రెసిన్ పూయాలి. దాని మీద చిన్న మ్యాట్ ముక్క పరిచి, కుంచెతో అద్దాలి. కుంచెతో లాగితే నార చెదురుతుంది. తెల్లగా ఉన్న మ్యాట్ రెసిన్ తాగి గాజులా మారుతుంది. ఇంకా తెల్లగా కనిపించే చోట గాలి ఉంది. అక్కడ అద్ది గాలి బయటికి పంపాలి. తరువాత కొంచెం పెద్ద ముక్క. ఆపైన ఇంకొంచెం పెద్దది. మూడు పొరలయ్యాక ఆగాలి. వేడి తగ్గాక మిగతా రెండు వేయాలి. మరునాటికి వాయిదా పడితే గరుకు కాగితంతో మళ్ళీ రుద్దాలి.

ఒక రోజంతా కదపకుండా ఉంచాలి. తరువాత నున్నగా రుద్ది, జెల్ కోట్ గానీ రంగు గానీ వేయాలి. మోకాలి లోతులో మళ్ళీ రెండు గంటలు కట్టి చూడాలి. ఖాళీగా ఒకసారి, బరువు పెట్టి ఒకసారి. నోటుబుక్కులో ఆ రోజు తేదీ వేసి, కింద మళ్ళీ డబ్బాల లెక్క మొదలుపెట్టండి.

వెదురు పుట్టి ఉన్నవాళ్ళకు

వెదురు బద్దలతో అల్లిన పుట్టికి బయట పట్టా వేసి తారు పూస్తారు. దీనికి చిల్లు వెతకడం సులువు. పట్టపగలు పుట్టిని బోర్లించి, కింద దూరి చూడండి. చిల్లున్న చోట వెలుతురు చుక్క కనిపిస్తుంది. అక్కడ శుభ్రం చేసి, ఆరబెట్టి, గోనె ముక్క తారుతో అతికించాలి. తారు గుడిసెకు దూరంగా కాచాలి. కాగే తారులో నీటి చుక్క పడితే ఎగిరి ఒంటి మీద పడుతుంది. తారు ఒంటికి అంటితే పీకవద్దు, చర్మం ఊడొస్తుంది. 20 నిమిషాలు చల్లటి నీళ్ళు పోసి ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఖాళీ సీసాలు, డబ్బాలు

పని అయ్యాక హార్డనర్ సీసా, రెసిన్ డబ్బా మిగులుతాయి. గట్టి మూత, మంచి పిడి ఉంటాయి కాబట్టి పారేయబుద్ధి కాదు. ఎంత కడిగినా వాటిలో మంచినీళ్ళు, నూనె, పప్పులు పోయొద్దు. పడవలో నీళ్ళు తోడడానికి డబ్బా పనికొస్తుంది. దాని మీద రంగుతో "తాగే నీళ్ళకు కాదు" అని పెద్ద అక్షరాలతో రాయండి. మిగిలిన హార్డనర్‌ను ఎండ తగలని చోట, పిల్లలకు అందనంత ఎత్తులో, పొయ్యికి దూరంగా పెట్టండి. రెసిన్ గిన్నెలో మిగిలిపోతే నీళ్ళలో పారబోయకండి. గట్టిపడేదాకా ఆరుబయట ఉంచి, చల్లారాక తీసి పారేయాలి.